బిగిసిన బోల్టుకు టీకా తాత్పర్యం

మూలం: “బోల్టు బిగుసుకొనినచో బలప్రయోగము సేయక తగిన చర్య గైకొనవలెను.”

అవతారిక. ఇది ఏ ఒక్క పత్రంలోని వాక్యమూ కాదు. చవక రైఫిళ్లకు జతగా వచ్చే సూచనల జాతి మొత్తానికీ ప్రతినిధిగా కూర్చుకున్న సూత్రం. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ టీకాకారుడికి ఆ వెసులుబాటు లేదు. మూలంలో ఏమీ లేనప్పుడు లేనిదే రాయాలి. “సేయక” వంటి పదాలకు అర్థం శబ్దరత్నాకరంలో చూసుకోవచ్చు. వాటి జోలికి పోవడం లేదు.

బోల్టు. ఉక్కు కర్మాగారపు ఊరైన భిలాయిలో ఈ మాట వినగానే నట్టు గుర్తొస్తుంది. రెండు పలకలను కలిపి కదలకుండా బిగిసి ఉండటమే ఆ బోల్టు ధర్మం. రైఫిలు బోల్టు ధర్మం దానికి తలకిందులు. అది ముందుకూ వెనక్కూ జరగాలి, తూటాను గదిలోకి తోయాలి, పేలే క్షణంలో ఆ గదిని మూసిపట్టాలి, ఆనక ఖాళీ తొడుగును బయటికి లాగాలి. కనుక ఇది నట్టుకు చుట్టం కాదు, తలుపు గడియకు తోబుట్టువు. గడియ అన్నాక కలం ఆగదు. కోస్తా ఇళ్లలో ఇదే గెడ. భిలాయి సెక్టారు క్వార్టర్లలో పక్కింటి హిందీవారికి చిట్కనీ. కొక్కెంలో పడేది గొళ్లెం. పాత మండువా తలుపుకు అడ్డంగా వేసేది గడియమాను. ఇక కాలాన్ని కొలిచే గడియ సంగతి: సంస్కృత ఘటిక తెలుగులోకి వచ్చి గడియ అయింది. దాని నిడివి 24 నిమిషాలు, రోజుకు 60. కాబట్టి “ఏ గడియలో కొన్నాడో గాని గడియ పడదు” అనేవాడు శ్లేష కట్టడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాడు. ఈ రెండు గడియలకూ మూలం ఒకటేనా అని నిఘంటుకారులు తేల్చుకునే లోపు నాలుగు గడియలు గడుస్తాయి. ఆ బోల్టు బిగుసుకునే ఉంటుంది.

బిగుసుకొనినచో. ఇది చేదర్థకం. ఇక్కడే అసలు లోపం ఉంది. ఎప్పుడు బిగుసుకుంటే? మన దేశంలో లైసెన్సుదారుల చేతుల్లో తరచు కనిపించే ఇషాపూర్ .315 స్పోర్టింగ్ రైఫిలుది లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి. అందులో బోల్టును మూసేటప్పుడే తూటాను పేల్చే సూది స్ప్రింగు బిగుస్తుంది. చివరి అంగుళంలో చేతికి తగిలే బరువు రోగం కాదు, పుట్టుక లక్షణం. మౌజర్ 98లో ఆ బరువు తెరిచేటప్పుడు తగులుతుంది. “బలప్రయోగము సేయక” అన్న ఆజ్ఞను అక్షరాలా పాటిస్తే ఆ .315 బోల్టు ఏనాటికీ మూసుకోదు. పైగా ఆ తూటా వెనుక అంచు వెడల్పు. మేగజీనులో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనుక పడితే రెండూ ముడిపడి బోల్టును అడ్డుకుంటాయి. సరిగా నింపితే ఆ చిక్కే రాదు. పాత నూనెలో ధూళి కలిసి జిగురైతే బోల్టు ఈడుస్తుంది, తుడిస్తే పోతుంది. చవక సరుకులో లోహపు అంచులు నునుపు తేలక గీసుకుంటాయి. పేల్చిన తర్వాత బోల్టు పిడి పైకి లేవకపోతే అది వేరే సంగతి, ప్రమాదపు సంగతి. ఇన్ని వ్యాధులకూ ఒకే పేరు, ఒకే మందు!

తగిన చర్య గైకొనవలెను. గైకొనడంలో “కై” అంటే చేయి. చేతిలోకి తీసుకోవడమని వ్యుత్పత్తి. వాక్యం రాసినవాడు మాత్రం ఆ మాటతోనే చేతులు దులుపుకున్నాడు. ఏది తగినదో తెలిసినవాడికి ఈ పత్రం అక్కర్లేదు, తెలియనివాడికి ఇది అక్కరకు రాదు. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించుకున్న ఊరు ఈ భిలాయి. దేశపు రైళ్లకు పట్టాలు పోసి పంపే ఊరు. ఇక్కడ మిల్లులో బేరింగు వేడెక్కితే “తగిన చర్య తీసుకున్నాం” అని షిఫ్టు రిజిస్టరులో రాసి ఇంటికి పోతే కుదురుతుందా? నూనె తగ్గిందా, దుమ్ము చేరిందా, వరస తప్పిందా అని తేల్చాలి. రైఫిలు కొనుక్కున్నవాడికి మాత్రం ఆపాటి మాట దక్కదా?

పూర్వపక్షం: ఇది ఆయుధం, తెలిసీ తెలియనివాడికి వివరాలిస్తే చేయి కాల్చుకుంటాడు, అందుకే ముక్తసరిగా రాశారు. సమాధానం: సగం ఒప్పుకుంటాం. బోల్టు తల అరిగిందా, మూసినప్పుడు తూటా వెనుక ఖాళీ ఎంత అన్నవి గేజీలతో ఆయుధ మిస్త్రీ తేల్చాలి. మరో రైఫిలు బోల్టు తెచ్చి ఇందులో దూర్చడం ఆత్మహత్యాసదృశం. కానీ ఏ గుర్తు కనబడితే మిస్త్రీ దగ్గరికి పోవాలో చెప్పనివాడు ప్రమాదాన్ని తగ్గించడం లేదు, తన పూచీని తగ్గించుకుంటున్నాడు. భయపెట్టడం వేరు, హెచ్చరించడం వేరు. హెచ్చరికలో కారణం ఉంటుంది.

తాత్పర్యం. గొట్టం మనుషులు లేని వైపు ఉంచండి. ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే కనీసం 30 సెకన్లు ఆగాకే బోల్టు ముట్టుకోండి. మేగజీను తీసి, గది ఖాళీ అని కంటితో, వేలితో చూడండి. తెరిచేటప్పుడా, మూసేటప్పుడా, తూటాలు ఉన్నప్పుడా, లేనప్పుడా బిగుస్తోంది అని గమనించండి. తుడవండి. అప్పటికీ బిగుస్తే మిస్త్రీకి ఇవ్వండి. సూత్రకారుడు ఒక కాగితం ఖర్చుపెట్టి చెప్పని సంగతి ఇంతే.