లండన్‌లో పాత, ఢిల్లీలో కొత్త!

అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో కాయకి డబ్బు పుచ్చుకుని, లోపలి నీళ్లకి వేరే రేటంటే ఊరుకుంటారా? మందుల కంపెనీ నోవార్టిస్ వారు క్యాన్సర్ మందుతో ఆ బేరమే ఆడారు. హైదరాబాద్ నాట్కో కంపెనీ ఆ మందు ఇమాటినిబ్ మెసిలేట్‌ని బ్రిటన్‌లో అమ్ముతుంటే, అది మా పాత జిమ్మర్‌మాన్ పేటెంట్ కిందిదేనంటూ 2004లో నోటీసిచ్చారు. మన దేశంలో కొత్త పేటెంట్ కావాల్సొచ్చేసరికి, ఆ పాతదాంట్లో మెసిలేట్ ఊసే లేదన్నారు! సుప్రీంకోర్టు ఆ నోటీసునే ముందుపెట్టి, మెసిలేట్ పాత సరుకేనని తేల్చింది. కొత్త పేటెంట్ అడిగిన దాని బీటా స్ఫటిక రూపమేమో జబ్బు మీద ఎక్కువ పనిచేస్తుందని రుజువు కాక పేటెంట్ల చట్టం సెక్షన్ 3(డి) దగ్గర బోల్తా పడింది. తీర్పు తేదీ 2013 ఏప్రిల్ 1. ఆ రోజు ఫూలయింది మాత్రం కోర్టు కాదండోయ్!