దొంగకే కన్నం!

ఆళ్వారు కాకముందు తిరుమంగై దారిదోపిడీ దొంగ. దారికాచి సాక్షాత్తూ పెరుమాళ్లనే దోచాడని కథ.

అలాంటాయన కంచు విగ్రహాన్నే ఎత్తుకుపోయారు!

కుంభకోణం దగ్గర సౌందరరాజ పెరుమాళ్ గుళ్లో 1957లో ఫొటో దిగిన స్వామి, 1967లో లండన్ సోథెబీస్ వేలంలో తేలాడు. ఒక చేత కత్తి, ఇంకో చేత డాలు. ఉండి ఏం లాభం?

పాడుకున్నది ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియం. గుళ్లో హారతులు మాత్రం ఆగలేదు, నకిలీ విగ్రహానికి!

ఆళ్వారు సంగతి యాభై ఏళ్లు అడిగిన నాథుడు లేడు.

తిరిగిచ్చేస్తామని 2024లో ఆక్స్‌ఫర్డ్ ఒప్పుకుంది. స్వామీ, ఇంటికొచ్చాక ఆ కత్తి కాస్త పదును పెట్టించుకోండి!