కాళ్లకు పోసుకున్న మంచినీళ్లు

పశ్చిమ ప్రకాశం నీళ్ల గురించి ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను. మన దేశంలో ఎముకల్ని వంచే ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదటిసారి గుర్తించి పత్రికకెక్కించింది 1937లో. అది అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి మన దర్శి, పొదిలి వైపు పల్లెల్లోనే అని ఎన్ని వ్యాసాల్లో రాశానో లెక్కలేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని, అది మరిగిస్తే పోయేది కాదని, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుందని సభల్లో చెప్పాను. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగిందని, శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్లను కొండ ఇవతలికి తేవడానికి తవ్విన సొరంగాలు రెండని, ఒక్కోటి 18 కిలోమీటర్ల పైమాటేనని, తేవలసింది 43.5 టీఎంసీలని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఇంత తెలిసినవాణ్ని, ఒక వాన సాయంత్రం చంద్రశేఖరపురం మండలంలో ఒక గొర్రెలకాపరి ఇంటిముందు నిలబడి, ఆ ఇంటిల్లిపాదీ తాగడానికి దాచుకున్న నీళ్లతో నా కాళ్లు కడుక్కున్నాను. ఈ సంగతి రెండేళ్లుగా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. చెప్పవలసినవాళ్లకు చెప్పే అవకాశం చేజార్చుకున్నాను కాబట్టి ఇలా రాస్తున్నాను.

ఆ రోజు భైరవకోన వెళ్లాను. కార్తీకమాసం. సోమవారం రద్దీ అయిపోయి మంగళవారం కోన ప్రశాంతంగా ఉంది. పల్లవుల నాటి పనితనమని చెప్పే ఎనిమిది గుహాలయాలు, ఒకే కొండరాతిని తొలిచి చేసినవి. వాటిలో ప్రధాన దైవం భర్గేశ్వరుడు. కార్తీక పున్నమినాడు వెన్నెల వచ్చి దుర్గాంబ ముఖాన పడుతుందని ఇక్కడివాళ్లు చెబుతారు. చిన్నప్పుడు మా నాన్న చేయి పట్టుకుని ఆ వెలుగు కోసం ఎదురుచూసినవాణ్ని. దర్శనం చేసుకుని జలపాతం దగ్గర కూర్చున్నాను. అప్పుడు పుట్టింది ఆ బుద్ధి. ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో పైకెక్కి చూడాలని. వెలిగొండల గురించి ఇంత రాశాను, వాటి వీపు మీద ఒక్కసారీ నడవలేదే అని.

కింద కొబ్బరికాయలు అమ్ముకునే ఆమె నేను సంచీ భుజానికి తగిలించుకోవడం చూసి, "పైకి పోబాకయ్యా, తూర్పున మూసుకొస్తా ఉండాది" అంది. తలెత్తి చూశాను. నా నెత్తిన ఎండ కాస్తోంది. "ఈ సీమలో వాన ఎంత పడుద్దిలేమ్మా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఈ నేలను ఎన్నో ఏళ్లు కరువు సీమ అని రాసి రాసి, ఇక్కడ వాన అనేదే ఉండదన్నట్టు తయారయ్యాను. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితేనే ఇక్కడి చెరువులకు నీళ్లు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అది కాగితం మీద తెలిసిన సంగతి.

రెండు గంటలపాటు వాగు వెంట పైకి నడిచాను. రాయి మీద రాయి, మధ్యలో బొక్కెనెడు నీళ్లు నిలిచిన గుంటలు. నాలుగుచోట్ల చెప్పులు తడవకుండా వాగు దాటాను. మధ్యాహ్నం దాటాక కొండ మీద చీకటి కమ్మింది. మొదట గాలి, ఆ వెంటనే వాన. అది తుంపర కాదు, జల్లూ కాదు. కుండపోత. వెనక్కి తిరిగి మొదటి దాటు దగ్గరికి వచ్చేసరికి నేను అడుగులు వేసిన రాళ్లు కనిపించలేదు. ఎర్రటి నీళ్లు, వాటి అడుగున బండలు దొర్లుతున్న చప్పుడు. ఇక్కడి కొండలు ఒట్టి రాయి. మట్టి పలచన, చెట్టు పలచన. పడ్డ చుక్క పడ్డట్టే కిందికి జారిపోతుంది. ఊళ్లో నీళ్లు లేకపోవడానికి, గంటలో వాగు పొంగడానికి కారణం ఒకటే. నీళ్లు నిలవకపోవడమే. ఆ రెండూ నేను విడివిడిగా రాసినవే. ఒకటిగా చూసింది ఆ గట్టు మీదే.

దాటే ధైర్యం చేయలేదు. ఆ రోజు చేసిన తెలివైన పని అదొక్కటే. వాగును వదిలి, మేకలు తొక్కిన సన్నదారి పట్టుకుని గుట్ట అంచున నడిచాను. మూడుసార్లు జారిపడ్డాను. మోకాలు చీరుకుపోయింది. కంపచెట్లు చేతులు గీరాయి. ఫోన్ తడిసి ఆగిపోయింది. పొద్దు గుంకేసరికి నేను ఏ దిక్కున ఉన్నానో నాకే తెలియదు. దేవుణ్ని తలచుకున్నాను. మా అమ్మను తలచుకున్నాను. చలికి పళ్లు టకటకలాడుతుంటే గట్టిగా అరిచాను, ఎవరైనా ఉన్నారా అని.

కుక్క పలికింది. ఆ తర్వాత టార్చి వెలుగు. గొంగడి కొప్పెర వేసుకున్న పెద్దాయన, చేతిలో కర్ర.

"ఎవురది?"

చెప్పాను. ఆయన నా మొహం మీద వెలుగు వేసి, కాళ్ల దాకా దించి చూశాడు.

"వాగు దాటలేదు గదా?"

"లేదు."

"బతికినావు. రా."

మారుమాట లేదు. తన గొంగడి తీసి నా భుజాల మీద కప్పి ముందు నడిచాడు. ఏ ఊరు, ఏ కులం, ఇక్కడ నీకేం పని అని అడగలేదు. నడుస్తూ ఒకటే మాట పదేపదే అన్నాడు. "జారుద్ది, చూసుకో."

నాలుగైదు ఇళ్లు. వాటిలో చివరిది వాళ్లది. రాతిగోడలు, పైన రేకులు, పక్కన గొర్రెల దొడ్డి. కరెంటు పోయి ఉంది. ఆయన దొడ్డి వైపు వెళ్లాడు. లోపల్నుంచి ఆడమనిషి గొంతు, "దీపం తెస్తాను, కూకో నాయనా" అంది. నా కాళ్లు మోకాళ్ల దాకా బురద. అలా లోపలికి ఎలా వెళ్లాలని అరుగు మీద వెతికాను. గోడ పక్కన ఒక స్టీలు బిందె, మూత పెట్టి, మూత మీద చెంబు బోర్లించి ఉంది. మూత తీశాను. చెంబు ముంచాను. కాళ్ల మీద పోసుకున్నాను. ఒక చెంబు. రెండు. బురద వదల్లేదు, నాలుగు. మోకాలి గాయం మీద మరో రెండు. చేతులకు, ముఖానికి. చెంబు ముంచుతుంటే బిందె అడుగు తగిలిన చప్పుడు వినబడింది.

ఆకాశం నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. రేకుల అంచు నా తలకు మూరెడు దూరంలో ఉంది. కాళ్లు అక్కడ చాపితే చాలు, బురద దానంతటదే పోయేది.

గడపలో ఏడెనిమిదేళ్ల పిల్ల నిలబడి చూస్తోంది. "అవ్వా, మంచినీళ్లు కాళ్లకు పోసుకుంటా ఉండాడు" అంది. చాడీ చెప్పినట్టు కాదు. నమ్మలేనట్టు. దీపం పట్టుకుని వచ్చిన అవ్వ ఆ పిల్ల నోటి మీద చేయి పెట్టింది. "ఊరుకో. కాలు తెగింది గదా ఆయనకు" అంది. నా చేతిలో చెంబు తీసుకుని, బిందెలోకి ఒక్కసారి చూసి, మూత పెట్టింది. "లోపలికి రా నాయనా, జ్వరమొస్తాది" అంది.

ఆ చూపు ఒక్క క్షణం. అందులో కోపం లేదు. రేపు పొద్దున్న ఎట్లా అన్న లెక్క ఉంది.

ఆ పల్లెల్లో ప్రతి ఇంట్లో నీళ్లు రెండు రకాలు. వాడకం నీళ్లు బోరువి. స్నానానికి, బట్టలకు, గొడ్లకు. మంచినీళ్లు వేరు. అవి కొనుక్కోవాలి. నీళ్ల ప్లాంటు నుంచి ఆటోలో ఇరవై లీటర్ల క్యాన్లు వస్తాయి. కొన్న క్యాను బిందెలోకి ఒంపి, మూతపెట్టి, చెంబు బోర్లిస్తారు. చెంబు బోర్లించి ఉందంటే ఆ నీళ్లు తాగడానికేనని అర్థం. పిల్లలకు నడక వచ్చేనాటికే ఇది తెలుస్తుంది. ఆ క్యాన్ల ధరల మీద వ్యాసం రాసిన నాకు తెలియలేదు.

పొడి లుంగీ ఇచ్చారు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. గాయానికి పసుపు పెట్టింది అవ్వ. ఆ తర్వాత ఆమె చేసిన పని నేను కన్నార్పకుండా చూశాను. ఉతికిన తెల్లపంచె ముక్కలు తెచ్చి, ఇంట్లో ఉన్న గిన్నెలూ బిందెలూ ఒక్కోటీ తీసి, వాటి మూతులకు గుడ్డ కట్టి రేకుల అంచు కింద వరసగా పెట్టింది. రెండు బిందెలు, సత్తు తపేలా, పాలగిన్నె, చివరికి పిల్ల చదువుకునే చోట ఉన్న చిన్న బకెట్టు. "మొదటి వాన రేకుల దుమ్ము కడిగిపోద్ది నాయనా. అది పట్టకూడదు. ఇప్పుడు పడేవి మేలైన నీళ్లు" అంది. నేను పోసిన నీళ్లకు బదులు పడుతోందని నాకు తెలుసు. ఆమె మాత్రం రోజూ చేసే పనిలా చేసింది.

ఒక తపేలా నిండగానే లోపలికి తెచ్చి ఆ నీళ్లతోనే కందిపప్పు ఎసట్లో వేసింది. "బోరు నీళ్లల్లో పప్పు ఉడకదు. ఎంత మంట పెట్టినా పలుకే. ఈ నీళ్లయితే ఇట్టే మెత్తబడుద్ది. వాన పడిన్నాడు మాకు పండగే" అంది. నిజంగానే కాసేపట్లో పప్పు వెన్నలా అయింది. సజ్జరొట్టె, ఆ పప్పు, ఎండుమిరపకాయ నంజుకోవడానికి. పెద్దాయన, పిల్ల, నేను ఒక వరసలో కూర్చున్నాం. పిల్ల తినడం ఆపి నా కాళ్ల వైపు చూసి మళ్లీ తినేది. నేను రెండుసార్లు నోరు తెరిచాను. "అమ్మా, తెలియక చేశాను" అనే మూడు మాటలు. రాలేదు. ఈ నీళ్ల గురించి రాసేవాణ్నని అప్పటికే చెప్పుకున్నాను. అది చెప్పాక ఇది ఎలా చెప్పను?

వాళ్లు నాకు మంచం ఇచ్చి తాము కింద పడుకున్నారు. నిద్ర పట్టలేదు. బయట గిన్నెల్లో నీళ్లు పడే చప్పుడు. ఖాళీ బిందెలో పడే చుక్క గట్టిగా మోగుతుంది. నిండేకొద్దీ ఆ శబ్దం మెత్తబడి, చివరకు గొణుగుడులా అవుతుంది. అది మెత్తబడ్డ ప్రతిసారీ అవ్వ లేచేది. చీకట్లోనే వెళ్లి, నిండినది తీసి, ఖాళీది పెట్టి వచ్చేది. మూడుసార్లో నాలుగుసార్లో లేచింది. చప్పుడును బట్టే ఆమెకు తెలుస్తోంది, ఏ బిందె నిండిందో. ఆ వాననే నేను కొండ మీద సాయంత్రమంతా తిట్టుకున్నాను.

అప్పుడు తెలిసొచ్చింది, నా తప్పు బిందెతో మొదలవలేదని. పొద్దున కొబ్బరికాయల ఆమె మాటను తోసిపుచ్చినప్పుడే మొదలైంది. ఒకచోటి గురించి చాలా తెలిసినవాడికి అక్కడివాళ్లను అడగవలసిన అవసరం కనిపించదు. ఆకాశం గురించి ఆమెను అడగలేదు. బిందె గురించి ఈమెను అడగలేదు. రెండుచోట్లా ఒక్క ప్రశ్న చాలు. ఇరవై ఏళ్లు వీళ్ల తరఫున మాట్లాడుతున్నాననుకున్నాను గాని, వీళ్ల మాట వినడం ఎప్పుడో మానేశాను.

తెల్లారేసరికి వాన వెలిసింది. వాగు ఇంకా పారుతోంది. "రెండు దినాలు ఆటో రాదులే" అని పెద్దాయన పొరుగింటాయనతో అంటుంటే విన్నాను. ఆటో రాకపోతే క్యాను రాదు. రాత్రి పట్టిన నీళ్లే ఆ రెండు రోజులూ వాళ్లకు ఆధారం. నా కోసం కాచిన టీ కూడా వాటితోనే. వెళ్లేటప్పుడు జేబులో తడిసిన నోట్లు తీశాను. అవ్వ నొచ్చుకుంది. "వానకు తడిసి వచ్చినోళ్ల దగ్గర దుడ్లు తీసుకుంటారా ఎవరన్నా" అంది. పిల్ల చేతిలో పెట్టబోతే పిల్ల చేతులు వెనక్కి కట్టుకుంది. పెద్దాయన వాగుకు ఎగువన వెడల్పు చోటు చూపించి, నా చేయి పట్టుకుని మొలలోతు నీళ్లలో దాటించి, కొత్తపల్లి దారి మీద వదిలి వెళ్లాడు.

డబ్బు ఇవ్వబోయాను. దండం పెట్టాను. మీ రుణం తీర్చుకోలేనన్నాను. చెప్పవలసిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

సంక్రాంతి దాటాక మళ్లీ వెళ్లాను, ఆ మాట చెప్పాలనే. తలుపుకు గొళ్లెం. అరుగు మీద బిందెలు బోర్లించి ఉన్నాయి. మేత చాలక మందను తోలుకుని తూర్పుకు, మాగాణి ఊళ్ల వైపు పోయారని పొరుగింట్లో చెప్పారు. ఎప్పుడొస్తారంటే, "వానలు పడినప్పుడు" అన్నారు. పోయిన ఏడు వానలు పడ్డాయి. పనులనీ ప్రయాణాలనీ నాకు నేనే చెప్పుకుంటూ వెళ్లలేదు. అది రెండో తప్పు, మొదటిదానికన్నా పెద్దది. ఈ కార్తీకంలో వెళ్తాను.

వెళ్లినప్పుడు అరుగెక్కేముందు కాళ్లు రేకుల అంచు కింద కడుక్కుంటాను. దాహమేస్తే చెంబు మీద చేయి వేయను. గడప బయటే నిలబడి, "అమ్మా, ఇవి ఏ నీళ్లు?" అని అడుగుతాను.