మావయ్య పెట్టె: సటీకా తాత్పర్యము

తే. పెట్టె బరువైన దాత్మయు పెద్దదయ్య
గీత పడినట్టి బిళ్ళను గెంటివేయు
నన్యఖండంపు బిళ్ళల నంటనీదు
మామ మనసైన టీవీయె మాసిపోయె

అవతారిక: మా మావయ్యది టెక్కలి. వ్యాపారం పలాసలో, జీడిపప్పు. సింగపూరు షిప్‌యార్డులో పనిచేసే ఆయన పెద్దకొడుకు, అంటే మా బావ, 2006లో సెలవుకి వస్తూ ఒక జపాను డీవీడీ ప్లేయరు మోసుకొచ్చాడు. ప్లేయర్లు మా వీధికి కొత్త కావు. రెండు మూడు వేలు పడేస్తే బజార్లో దొరికేవి. ఇది ఆ కోవలోది కాదు. దీని ధర ఎవరడిగినా మావయ్య సింగపూరు డాలర్లలోనే చెప్పేవాడు, అత్తకి లెక్క తెగకుండా. పక్కింటి తెలుగు మాస్టారు వారం రోజులు వచ్చి కూర్చుని, కాఫీలు తాగి, ఎనిమిదో నాడు ఈ పద్యం చెప్పి వెళ్ళారు. మావయ్య దాన్ని పొగడ్తే అనుకుని చీటీ మీద రాయించి షోకేసు అద్దానికి అంటించాడు. అది పొగడ్తా, తెగడ్తా అన్నది తేల్చడానికే ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థము: పెట్టె = డీవీడీ ప్లేయరు; బరువైనది = తూకానికి భారమైనది; ఆత్మయు = లోపలి యంత్రము కూడ; పెద్దది = ఘనమైనది; అయ్య = ఓ అయ్యా (మావయ్యను ఉద్దేశించి); గీత పడినట్టి = గీరుకుపోయిన; బిళ్ళను = సీడీని (డీవీడీ అయినా మా ఊళ్ళో సీడీయే); గెంటివేయున్ = బయటికి తోసేయును; అన్యఖండంపు = వేరే రీజియనుకు చెందిన; బిళ్ళలన్ = డిస్కులను; అంటనీదు = దరి చేరనివ్వదు; మామ = మావయ్య; మనసైన = ఇష్టపడి కొనుక్కున్న; టీవీయె = టీవీ సైతం; మాసిపోయెన్ = వెలవెలబోయెను.

తాత్పర్యము సులభము.

ఇక విశేషాలు. కాళిదాసుకి వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మన మెతుకుసీమవాడు. మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని ఒట్టు పెట్టుకున్నాడాయన. నాకు ఆ కట్టుబాటు లేదు.

'బరువైనది' అన్న మాటలో అతిశయోక్తి లేదు. పెట్టె విప్పిన రోజునే మావయ్య దాన్ని పప్పు తూచే కాటా మీద పెట్టాడు. పదకొండు కేజీల చిల్లర తూగింది. జీడిపప్పు ఎగుమతి డబ్బా నికరం 11.34 కేజీలు గనక, ఆయన వృత్తిరీత్యా అది సరిగ్గా ఒక డబ్బా సరుకు. "ఒరే, ఇలగ బరువుగుందేటి? లోపల ఇసక పోసీసినారేటి?" అన్నాడు. ఇసక కాదు. కరెంటు సరఫరాకి విడి అర, బొమ్మకి విడి అర, శబ్దానికి విడి అర, అడుగున దళసరి ఇనప రేకు. బిళ్ళ లోపలి వలయం దగ్గర నిమిషానికి సుమారు 1,400 చుట్లు తిరుగుతుంది. అంచుకి వచ్చేసరికి వేగం ఆరువందల లోపుకి దిగుతుంది. ఆ తిరుగుడుకి పెట్టె వణికితే కిరణం దారి తప్పుతుంది. ఇరుగు వరసకీ పొరుగు వరసకీ మధ్య ఎడం 0.74 మైక్రాను. కాబట్టి బరువు ఇక్కడ దోషం కాదు, గుణం. ఉద్దానం మీద 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మావయ్య ఇంటి పెంకులు లేచిపోయాయి. పెట్టె మాత్రం పెట్టినచోటే ఉంది.

రెండో పాదమే ఈ పద్యానికి ఆయువుపట్టు. 'గెంటివేయు' అన్నది ప్రత్యక్షానుభవం. సొరుగు మెల్లగా, పెళ్ళికూతురి నడకలో బయటికి వస్తుంది, బిళ్ళని తీసుకుని అంతే మెల్లగా లోపలికి వెళుతుంది. నీలం అక్షరాల్లో 'లోడింగ్' అని పడుతుంది. ఒక గొణుగుడు, ఆ వెనక ఒక నిట్టూర్పు. తరవాత 'నో డిస్క్'. బిళ్ళ ఎదురుగా ఉండగా 'లేదు' అనడం! వేదాంతులు జగత్తుని మిథ్య అంటే వాదించినవాళ్ళున్నారు గానీ ఆ నీలం అక్షరాలతో వాదించడానికి మా ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు.

దీనిమీద అత్తది పూర్వపక్షం. "ఎదురింటోల చిన్న పెట్టి అన్నీ ఆడిస్తంది. మీదేటి, పత్తెం చేసే రోగినాగ ఏదీ ముట్టదు!" ఈ ఆక్షేపణ బలమైనది. ఎదురింటి ప్లేయరు గీతల బిళ్ళ తినేది, మూడు భాగాల వీసీడీ తినేది, నూట యాభై పాటలు కూరిన ఎంపీత్రీ తినేది, మైకు గుచ్చితే అమ్మవారి సంబరాలకి పాటలు పాడించేది కూడా.

సిద్ధాంతం ఏమిటంటే, బిళ్ళ మీద రాత అంతా అసలు విషయం కాదు. కొంత భాగం, చెరిగిపోయిన అక్షరాలు ఏమై ఉంటాయో లెక్క కట్టి పూడ్చడానికే కేటాయించారు. ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సోలమన్ అనే ఇద్దరు 1960లో కనిపెట్టిన గణితం అది. చెదలు తిన్న తాళపత్రంలో లుప్తాక్షరాలు పూరించే పరిష్కర్త చేసే పనే. పూరించడానికీ హద్దుంది. ఆ హద్దు దాటిన చోట పరిష్కర్తలు రెండు రకాలు. ఒకడు ఏదో ఒకటి పెట్టి పద్యం నడిపించేస్తాడు. రెండోవాడు 'ఇచట గ్రంథపాతము' అని రాసి కలం మూసేస్తాడు. ఎదురింటి పెట్టె మొదటి రకం. హీరో మొహం గళ్ళు గళ్ళుగా చిట్లినా, మాట నత్తివచ్చినా కథ ఆగదు. మావయ్య పెట్టె రెండో రకం. అత్తకి కథ కావాలి. పెట్టెకి శుద్ధపాఠం కావాలి.

గీతలు ఎలా పడ్డాయన్నది వేరే విచారణ. అత్త బిళ్ళని పమిటచెంగుతో గుండ్రంగా తుడిచేది. రాత కూడా గుండ్రంగానే, లోపలినుంచి బయటికి, సుమారు పన్నెండు కిలోమీటర్ల పొడవున చుట్టుకుని ఉంటుంది. కాబట్టి గుండ్రంగా పడ్డ గీత ఒకే వరసని ఎడతెగకుండా పాడుచేస్తుంది. నడుమనుంచి అంచుకి తుడిస్తే గీత పడినా ప్రతి వరసకీ చిటికెడు దెబ్బే. ఇది మావయ్య అత్తకి నేర్పాలని చూసి ఓడిపోయిన అనేక విద్యల్లో ఒకటి. నౌపడ ఉప్పుగాలి సంగతి చెప్పనక్కర్లేదు. వెనకాల తీగలు గుచ్చే కన్నాలు ఒక వానాకాలంలో పచ్చబడ్డాయి. ముసురు రోజుల్లో లెన్సుకి చెమ్మ పట్టి కొత్త బిళ్ళ కూడా 'నో డిస్క్' అయ్యేది.

అన్నిటికన్నా పెద్ద అవమానం పెళ్ళి సీడీ. మా వదిన పెళ్ళి డీవీడీ స్టూడియోవాళ్ళు ఇంట్లో కాల్చి ఇచ్చింది. అడుగు ఊదారంగు, పైన వధూవరుల ఫొటో ఉన్న కాగితం అంటించారు. ఆ కాగితం బరువుకి తిరుగుడులో తూకం తప్పుతుంది. జీలకర్ర బెల్లం దాకా వచ్చి పెట్టె ఆగిపోయింది. తలంబ్రాలు ఎదురింటికి వెళ్ళి చూడాల్సివచ్చింది. వియ్యంకుడు కూడా ఉన్నాడు ఆ పూట.

మూడో పాదంలో 'బిళ్ళల' అని మళ్ళీ రావడం పునరుక్తి దోషం కదా? కాదు. రెండో పాదంలో బిళ్ళ నేరం దేహానిది, మూడో పాదంలో జన్మది. పురాణాలు భూమిని సప్తద్వీపాలు చేస్తే, సినిమా కంపెనీలు ఆరు ఖండాలు చేశాయి. ఏడోది ప్రస్తుతానికి ఖాళీ, ఎనిమిదోది విమానాలకీ ఓడలకీ. భారతవర్షం జంబూద్వీపంలో లేదు, అయిదో ఖండంలో రష్యాతో, ఆఫ్రికాలో చాలా దేశాలతో కలిసి ఉంది. మావయ్య పెట్టె సింగపూరు అంగట్లోది గనక మూడో ఖండానిది. ఇక్కడి అంగట్లో కొన్న ఇంగ్లీషు సినిమా అయిదో ఖండానిది. శాఖాభేదం. సంబంధం కుదరలేదు. తెలుగు సినిమాలు మాత్రం అమెరికాలో మనవాళ్ళ కోసం అచ్చు వేసినవి కావడంతో ఏ ఖండపు ముద్రా లేకుండా వచ్చేవి. పెట్టె వాటిని కాదనలేదు. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్‌ని హిందూపురంతో పాటు టెక్కలి కూడా గెలిపించింది. ఆ ఊరి పెట్టె ఆయన సినిమాలకి అడ్డం చెబితే ఏం బాగుంటుంది?

'ఖండ' శబ్దంలో శ్లేష ఉంది. అమెరికా కోసం అచ్చేసిన బిళ్ళ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది. సినిమా రీలు సెకనుకి 24 బొమ్మలు. ఆ పద్ధతి టీవీకి సెకనుకి 60 అరబొమ్మలు కావాలి. అందుకని ఒక బొమ్మని రెండుసార్లు, తరవాతిదాన్ని మూడుసార్లు చూపిస్తారు. రెండు, మూడు, రెండు, మూడు. ఇది అచ్చంగా ఖండచాపు తాళం! కెమెరా పక్కకి మెల్లగా జరిగే చోట బొమ్మ చిన్నగా కుంటడం అందుకే. మన పాల్ పద్ధతిలో ఈ కుంటు లేదు గానీ 24 బొమ్మల్ని 25గా పరిగెత్తిస్తారు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది, పాట శ్రుతి ఓ పిసరు పైకి జరుగుతుంది. ఇది విని అత్త అడిగింది: "ఆ ఆరు నిమిషాలు ఎవులు తినీసినారు?" దీనికి సమాధానం ఏ వ్యాఖ్యాతకీ దొరకలేదు.

ఆ ఖండచాపులో విడిపోయిన అరబొమ్మల్ని మళ్ళీ కలిపి నిండు బొమ్మలు చెయ్యగలగడమే ఖరీదైన పెట్టె గొప్పతనం. అయితే ఆ శుద్ధమైన బొమ్మ బయటికి రావాలంటే ఆకుపచ్చ, నీలం, ఎరుపు తీగలు మూడూ టీవీకి గుచ్చాలి. మావయ్య టీవీ పాతకాలపు డబ్బా టీవీ. దానికున్నది ఒకే ఒక్క పసుపు కన్నం. వెలుగూ రంగూ ఆ ఒక్క తీగలో ఇరుక్కుని వెళ్ళాలి. పైగా ఆ టీవీకి పాల్ తప్ప మరో భాష రాదు. మొదటి రాత్రి రంగుల సినిమా తెలుపు నలుపులో, కిందినుంచి పైకి దొర్లుతూ కనబడింది. బావ మెనూలో దూరి పెట్టె చేత పాల్ మాట్లాడించేసరికి అర్ధరాత్రి దాటింది.

అయినా మావయ్య చూశాడు. జీడిపప్పు చూసే కన్ను అది. గుండు ఏదో, బద్ద ఏదో, ముక్క ఏదో చేత్తో చాటలో జల్లుతూనే ఏరేసే మనిషి. సినిమాల్నీ అలాగే ఏరడం మొదలుపెట్టాడు. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకీ డీవీడీ 34 రూపాయలకీ దించినప్పుడు మావయ్య సంచీ నిండా తెచ్చుకుని రాత్రుళ్ళు గ్రేడింగు చేశాడు. పొగ, మంచు, వాన ఉన్న సీన్లలో గళ్ళు కనబడితే 'ముక్క'. వీసీడీలన్నీ పుట్టుకతోనే 'బద్ద'. 'గుండు' అన్న బిరుదు దక్కినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన కథ చూడడం మానేశాడని నా అనుమానం. 'మాయాబజార్' పెట్టి మార్కస్ బార్ట్‌లీ వెన్నెలని పొగుడుతూ, మధ్యలో ఆపి, ప్రింటు మీద నిలువు గీతలు చూపించేవాడు. ఆ సినిమాలో ప్రియదర్శిని అని ఒక పేటిక ఉంది, తెరిచినవాళ్ళకి తమకి ప్రియమైనది కనబడుతుంది. మావయ్య పెట్టె అప్రియదర్శిని. ప్రింటు పాతది, తీగ చవకది, కరెంటు తక్కువది, టీవీ చిన్నది అని రోజూ ఒకటి చూపించేది. ఎదురింటివాళ్ళకి ఈ బాధలేవీ లేవు.

నాలుగో పాదం దగ్గర పాఠాంతరం ఉంది. 'మాసిపోయె' అన్నది చీటీలోని పాఠం. అత్త పాఠం 'మాటపోయె'. గణాలకీ యతికీ రెండూ సరిపోతాయి కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు. సాక్ష్యం చూడాలి. బావ పెట్టెతో పాటు ఆరు స్పీకర్లూ తెచ్చాడు. రెండు ముందర, రెండు వెనక, ఒకటి నడుమ, ఆరోది నేలమీద గుభేలుమనేది. వెనకవాటిలో ఒకటి బీరువా మీదికి, రెండోది చోటు లేక వంటింటి గుమ్మం మీదికి ఎక్కాయి. యుద్ధం సీన్లలో గుర్రాలు పప్పు పోపు మీదుగా వెళ్ళేవి. ఇవి వచ్చాక టీవీ సొంత గొంతు నొక్కేశారు, అందుకని 'మాటపోయె' అన్నది అక్షరసత్యం. మరి 'మాసిపోయె'? అదీ అక్షరసత్యమే. ముందు స్పీకర్లు టీవీకి ఆనించి పెట్టారు. వాటిలో అయస్కాంతం ఉంటుంది. డబ్బా టీవీలో బొమ్మ గీసే ఎలక్ట్రానుల్ని అది పక్కకి లాగుతుంది. వారం తిరక్కుండా తెర మూలన ఊదారంగు మచ్చ, ఇంకో మూలన ఆకుపచ్చ మచ్చ. ఎన్టీఆర్ కృష్ణుడైతే పరవాలేదు గానీ, మూలకి వచ్చిన భీముడు కూడా నీలమైపోయేవాడు. స్పీకర్లు మూరెడు జరిపి, టీవీ కొన్నాళ్ళు ఆపి వేస్తూ ఉంటే మచ్చ వదిలింది. మాస్టారిని అడిగితే తనకు రెండు పాఠాలూ సమ్మతమేనన్నారు. కవులకి ఇది మామూలే.

మచ్చ వదిలినా మావయ్య మనసు కుదటపడలేదు. తప్పంతా టీవీదేనని తేల్చి, నాలుగైదేళ్ళకి గోడకి తగిలించే పెద్ద టీవీ తెచ్చాడు. చివరికి మూడు తీగలూ గుచ్చారు. అరబొమ్మలు పోయాయి, నిండు బొమ్మలు వచ్చాయి. ఇల్లంతా కూర్చున్నాం. బొమ్మ మెత్తగా, మసకగా ఉంది. కొత్త తెరలో చుక్కలు 20,73,600. పాల్ బిళ్ళలో ఉన్నవి 4,14,720. అంటే పెట్టె ఇచ్చిన ఒక్కో చుక్కని అయిదు చుక్కల చోటులో సర్దాలి. ఎన్‌టీఎస్‌సీ అయితే ఆరు. ఇన్నాళ్ళూ టీవీ తప్పులు పట్టిన పెట్టె తప్పుని ఇప్పుడు టీవీ పట్టింది. అత్త సెట్‌టాప్ బాక్సు ఛానలు మార్చి సీరియల్ పెట్టింది. అది నిగనిగలాడుతోంది.

ఆ మర్నాడు మాస్టారు వచ్చి, చూసి, షోకేసు అద్దం మీది చీటీలో పెన్సిలుతో ఒక మాట కొట్టేసి మరో మాట రాశారు: 'మామ మనసైన పెట్టెయే మాసిపోయె'. యతి చెక్కుచెదరలేదు, గణాలూ కుదిరాయి. అత్త ఈ పాఠాన్నే ప్రమాణం అంటుంది. మావయ్య మాత్రం అది ప్రక్షిప్తమంటాడు.