ముద్దే ముద్దాయి

అనంతపురంలో ఒకరికి షుగరని తెలిస్తే చాలు, ఊరంతా వైద్యులే. అన్నం మానెయ్, రాగి ముద్ద తిను, కొర్రలు వండుకో, మూడు నెలల్లో మాత్రలు పారేస్తావ్! ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక ఈ ఉపదేశానికి రంగురంగుల సంచీ కూడా కుదిరింది. నిన్నటిదాకా బీదోళ్ళ తిండని ముఖం చిట్లించిన సంగటికి ఇప్పుడు శాలువా కప్పుతున్నారు. కప్పండి, తగినదే. కాని తిండి మీద ఇంత విచారణ జరిపే పెద్దలు, ఆ సంగటికి ఎసరు పెట్టిన నీళ్ళు ఏ బోరువని ఒక్కమాటైనా అడగరు. ముద్దేమో ముద్దాయి. నీళ్ళు సాక్షుల పట్టీలో కూడా లేవు.

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే రాతిసీమ ఇది. బోరు లోతుకు దిగేకొద్దీ నీళ్ళు గ్రానైటులోని ఫ్లోరైడును కరిగించుకుని పైకొస్తాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మరిగిస్తే పోతుందనుకుంటే పొరపాటు: ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడు గిన్నెలోనే చిక్కబడుతుంది. దాని గొడవ పళ్ళతో, ఎముకలతో తీరిపోదు. ఫ్లోరోసిస్ ఉన్న 25 మందిని పరీక్షిస్తే 40 శాతం మందిలో చక్కెరను అదుపు చేసే శక్తి దెబ్బతిని కనిపించిందనీ, ఆరు నెలలు మంచినీళ్ళు తాగాక అది కుదుటపడిందనీ 1993లో డయాబెటాలజియా పత్రిక అచ్చువేసింది. ఇక తిండి సంగతి. వరి తినేవాళ్ళకంటే జొన్న తినేవాళ్ళ ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువ నిలుస్తుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1970లలోనే చూపింది. చింతపండు దాన్ని మూత్రంలో బయటికి పంపుతుందని చెప్పిందీ ఆ సంస్థే. రాగుల్లోని కాల్షియం కొంత ఫ్లోరైడును పేగుల్లోనే పట్టి ఆపుతుంది. అంటే కంచానికీ చెంబుకూ తగువైనా, రాజీ అయినా మన కడుపులోనే. ధాన్యాలన్నిటికీ ఒకే దండ వేసి, నీళ్ళను లెక్కలోంచి తీసేస్తే అది వైద్యం కాదు, వ్యాపారం.

షుగరంతా ఫ్లోరైడు వల్లేనా అని ఎదురు ప్రశ్న వస్తుంది. కాదు. 25 మంది లెక్కతో అంత మాట అనలేం. గుట్టగా పెట్టుకునే తెల్లన్నం, కదలని ఒళ్ళు చేసే చేటు చిన్నది కాదు. తిండీ నీళ్ళూ రెండూ కలిసి కొడుతున్నప్పుడు ఒక్కదాన్నే బోనెక్కించడం ఏం న్యాయమన్నదే ఇక్కడి పేచీ. క్యాన్ నీళ్ళున్నాయి కదా అంటారు. ఆ ఇరవై లీటర్లు గొంతు తడపడానికే సరి. పప్పూ సంగటీ ఉడికేది బోరు నీళ్ళలోనే. పైగా క్యాన్ నీళ్ళను శుద్ధి చేసే యంత్రం ఫ్లోరైడుతోపాటు కాల్షియాన్నీ వడకడుతుంది. సంచీ మీద పీచు ఎంతో, ఇనుము ఎంతో లెక్కగట్టి అచ్చేస్తున్నారు. కింద ఇంకో వరుస చేరిస్తే నిజాయతీగా ఉంటుంది: ఎసటి నీళ్ళు మీ ఖర్మ.