ఫైలు బాబాయ్

కృష్ణా డెల్టా కొసన ఏ ఊరు వెళ్లినా ఫైలు బాబాయ్ ఒకాయన ఉంటాడు. బందరులో అయితే రిటైరైన ఉద్యోగి, గుడివాడలో అయితే బియ్యం మిల్లు వాటాదారు, దివిసీమలో అయితే రొయ్యల చెరువుల ఆసామి. నేనెరిగినాయన మూడో రకం, నాగాయలంక వైపు. అరవై దాటినా చెరువు గట్టు మీద కుర్రాళ్లను వెనకేసి నడుస్తాడు. ఈ సంగతి మాత్రం ఆయన ముందు అనకూడదు. "మీకేంటి బావగారూ, గుండ్రాయిలా ఉన్నారు" అన్న పాపానికి వియ్యంకుడితో ఆర్నెల్లు మాటలు మానేశాడు.

ఫైలంటే నిజానికి ఫైలు కాదు. గుడివాడలో పెళ్లి బట్టలు కొన్నప్పుడు ఇచ్చిన పెద్ద సంచి. అందులో ఎక్స్‌రేలు, స్కానింగు ఫిల్ములు, ల్యాబు కాగితాలు. ఈసీజీ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయని కనిపెట్టి అన్నిటికీ జిరాక్సులు తీయించాడు. పొలం దస్తావేజులు కావాలంటే ఇల్లంతా గాలించాలి గానీ, 2016 నాటి ఎకో రిపోర్టు కరెంటు లేకపోయినా తీసివ్వగలడు. ఇంటికెవరైనా వస్తే పిన్ని మంచినీళ్లు తెచ్చేలోపు ఫిల్ము ట్యూబులైటు కిందికి వెళ్లిపోతుంది.

ఈ జబ్బు ఆయనకు రొయ్యల నుంచి అంటుకుందని నా అనుమానం. సీడు తెచ్చేముందు పీసీఆర్ చేయించాలి, వైట్ స్పాట్ ఉందో లేదో. నీళ్లలో ఉప్పుశాతం, పీహెచ్, అమ్మోనియా చూపించాలి. చెక్ ట్రేలో మేత మిగిలిందంటే ఆ రాత్రి నిద్ర లేదు. రొయ్య నోరు తెరిచి ఏదీ చెప్పదు కాబట్టి అవన్నీ న్యాయమే. "రొయ్యకే అంత చేయిస్తుంటే మనిషికి చేయించొద్దా అబ్బాయ్?" అంటాడు. మనిషి నోరు తెరిచి చెప్పగలడు కదా బాబాయ్ అంటే, "చెబితే వినే డాక్టరేడీ?" అని ఎదురడుగుతాడు. ఈ ఒక్క ప్రశ్న దగ్గర నేను ఆయన పక్షమే.

పరీక్షలున్న రోజు ఆయనకు పండగ. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖాళీ కడుపుతో తొలి బస్సెక్కి బందరులో దిగుతాడు. తినకముందు ఒక రక్తం, తిన్నాక ఒక రక్తం. ఆ రెండో దానికి న్యాయం జరగాలని రెండు ఇడ్లీలు, పెసరట్టు, పైన ఒక బందరు లడ్డూ లాగిస్తాడు. "తినకపోతే మిషను పనితనం ఎలా తెలుస్తుంది?" సాయంత్రం కాగితం చేతికి రాగానే చూసేది అంకెల్ని కాదు, పక్కనుండే అక్షరాల్ని. హెచ్ అంటే ఎక్కువ, ఎల్ అంటే తక్కువ. "ఈసారి నాలుగు హెచ్‌లు, మూడు ఎల్‌లు" అని అవనిగడ్డ దాటకముందే అల్లుడికి ఫోను.

ఆ అక్షరాల పుట్టుక ఒకసారి చెప్పబోయాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే పోగేసి, ఆ చివరా ఈ చివరా ఉన్న ఐదు శాతాన్ని వదిలేసి, మధ్యలో మిగిలిన 95 శాతం అంకెల్ని 'నార్మల్' అంటారు. అంటే ఏ రోగమూ లేని మనిషైనా ఒక్కో పరీక్షలో నూటికి ఐదుసార్లు తప్పుతాడు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, ఆరోగ్యవంతుల్లోనే నూటికి 64 మందికి ఎక్కడో ఒకచోట అక్షరం పడుతుంది. అదే లెక్కన 72 పరీక్షల ప్యాకేజీలో మచ్చ లేకుండా బయటపడేది ఇద్దరో ముగ్గురో. బాబాయ్ శ్రద్ధగా విని, "72వి కూడా ఉన్నాయా? ఎంతట?" అన్నాడు.

వానాకాలం వచ్చిందంటే టైఫాయిడ్. ఒళ్లు వెచ్చబడిన మర్నాడే ఆరెంపీగారు వైడాల్ రాస్తారు. వైడాల్ అనే ఫ్రెంచి డాక్టరు 1896లో కనిపెట్టిన పరీక్ష అది. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరం తాలూకు గుర్తులు కూడా అందులో బయటపడతాయి కాబట్టి, మన నీళ్లు తాగి పెరిగినవాళ్లకు ఒక్కసారి చేసి తేల్చి చెప్పలేమని వైద్య పుస్తకాలంటాయి. ఆరెంపీగారు అనరు. ల్యాబువాళ్లు నెలాఖరున ఆయన్ని ఎందుకు గుర్తు చేసుకుంటారో ఊరందరికీ తెలుసు. బాబాయ్‌కీ తెలుసు. "ఆయన మాత్రం బతకొద్దా?"

పాజిటివ్ వస్తే బాటిల్. మందు లేకపోయినా ఫరవాలేదు, బాటిల్ ఎక్కాలి. నడవలో మంచం, కిటికీ ఊచకు సెలైను సీసా, వచ్చిపోయే చుట్టాలు. నీరసానికని పెట్టే ఆ అర లీటరు గ్లూకోజు బాటిల్లో ఉండే చక్కెర 25 గ్రాములు. బందరు లడ్డూలు రెండు తింటే అంతకు మించే పడుతుంది కడుపులో. కానీ లడ్డూ తింటున్నవాణ్ణి చూడ్డానికి చల్లపల్లి నుంచి బత్తాయిలు పట్టుకుని ఎవరొస్తారు?

గుడివాడలో ఒక కుర్ర డాక్టరు ఆయన్ని పావుగంట పరీక్షగా చూసి, అన్నీ అడిగి, "మీకేమీ లేదండీ, ఆవకాయ తగ్గించండి చాలు" అన్నాడట. చీటీ మీద ఒక్క పరీక్షా రాయలేదు. బాబాయ్ ఇంటికొచ్చి బాధపడ్డాడు. "పాపం, కొత్తగా పెట్టాడు. ఇంకా ఏమీ తెలిసినట్టు లేదు." మా ప్రాంతంలో 'ఏమీ లేదు' అని చెప్పడానికి ధైర్యం కావాలి, ఆ మాటకు ఫీజిచ్చే రోగి కూడా కావాలి. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు, అక్కడ చూపించుకోరాదా అంటే ముఖం అదోలా పెట్టాడు. "ఊరికే చేసే పరీక్షలో రోగం ఎలా దొరుకుతుంది అబ్బాయ్?"

నడుం నొప్పికి విజయవాడ సూర్యారావుపేట వెళ్లి ఎమ్మారై తీయించాడు. డిస్కు ఉబ్బిందని వచ్చింది. ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగులు 2015లో కూడగట్టి చూస్తే ఇరవయ్యేళ్ల వాళ్లలోనే 30 శాతం మందికి ఆ ఉబ్బు కనిపించింది, ఎనభయ్యేళ్లకు 84 శాతం. తలనెరుపు లాంటిదే బాబాయ్ అన్నాను. నాకేసి జాలిగా చూసి, "నువ్వు తీయించుకున్నావా?" అన్నాడు.

ఇప్పుడు మోజు థైరాయిడ్ మీదికి మళ్లింది. దక్షిణ కొరియా కథ చెప్పాను. 1999 నుంచి అక్కడ క్యాన్సర్ పరీక్షలు జోరందుకున్నాయి. పనిలో పనిగా మెడకు కూడా స్కానింగు తీశారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ అని తేలినవాళ్లు 1993 కంటే 15 రెట్లు పెరిగారు. దాంతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం ఉన్నచోటే ఉంది. ఎంతోమంది గ్రంథి తీయించేసుకుని జీవితాంతం మాత్రలతో మిగిలారు. "చూశావా," అన్నాడు మెరుస్తున్న కళ్లతో, "జాగ్రత్తంటే వాళ్లది!"

పిన్ని సంగతి చెప్పలేదు కదూ. కొన్నేళ్లుగా ఆవిడకు పొద్దున లేస్తే తల తిరుగుడు. సంచి మోసుకుని ఆయన వెంట బస్సెక్కి దిగడమే గానీ, ఆవిడకంటూ చీటీ రాయించింది లేదు. "గ్యాసులే" అని ఆయనా అన్నాడు, ఆవిడా అనుకుంది. మొన్న ఇంటింటికీ తిరుగుతూ వచ్చిన ఏఎన్ఎం, అంట్లు తోముతున్నావిణ్ణి పిలిచి కాసేపు కూర్చోబెట్టి బీపీ చూసింది. 180, 110. మళ్లీ చూసినా అంతే. ఆ సాయంత్రమే పీహెచ్‌సీకి తీసుకెళ్లారు, మాత్రలిచ్చారు. తల తిరుగుడు తగ్గిందట.

పలకరిద్దామని వెళితే బాబాయ్ చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. ఏమైందన్నాను.

"ఏముంది, ఊరంతా మీ పిన్నినే అడుగుతున్నారు. చేతికి పట్టీ చుట్టి బటన్ నొక్కితే తేలిపోయేది, అదీ ఒక జబ్బేనా అబ్బాయ్?"