వైరు లేని గిటారు

ఆ కుర్రాడి గిటారుకు వైరు లేదు.

అది కరెంటు గిటారు. వైరు తగిలించకపోతే పక్క కుర్చీలో కూర్చున్నవాడికి కూడా సరిగ్గా వినపడదు. అయినా వాడు కళ్లు మూసుకుని, కింది పెదవి కొరుక్కుని, లేని నొప్పులన్నీ ముఖం మీదికి తెచ్చుకుని వాయించేస్తున్నాడు. మా ఇంట్లో కిటికీ అద్దాలు అదురుతున్నాయి. పక్కన కీబోర్డు అమ్మాయిది ఇంకో అన్యాయం. పాటలో ఆ వాయిద్యం మోగుతున్నంతసేపూ ఆవిడ రెండు చేతులూ గాల్లోనే ఉన్నాయి. చప్పట్లు కొడుతోంది.

కొన్నాళ్లుగా నాకు ఇదే పని. శుక్రవారం రాత్రి బీబీసీ ఫోర్‌లో పాత ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ వేస్తారు. 2011లో 1976 నాటి ఎపిసోడ్లతో మొదలుపెట్టారు. ఆపే ఉద్దేశం వాళ్లకు లేదు, మానే ఉద్దేశం నాకు లేదు. ఎనభైల నాటివి తగిలితే చాలు, సోఫా అంచుకు జరిగి, పాట వదిలేసి వైర్లు వెతుకుతున్నాను. వైరు కనపడినా మనశ్శాంతి లేదు. అది నిజంగా గోడ దాకా వెళ్లిందా, డ్రమ్ముల వెనకే ఆగిపోయిందా అని ఇంకో అనుమానం.

దూరదర్శన్‌లో చిత్రలహరి చూసిన వాళ్లకు ఇదేం కార్యక్రమమో వివరించక్కర్లేదు. వారానికోసారి, సాయంత్రం పూట, కంచాలతో సహా అందరూ టీవీ ముందే. అక్కడ శుక్రవారం, ఇక్కడ గురువారం. తేడా అల్లా ర్యాంకుల్లో ఉంది. మనం పిల్లలకిచ్చే ర్యాంకులు వీళ్లు పాటలకిచ్చారు. ఏ రికార్డు ఎంత అమ్ముడయిందో లెక్కగట్టి మంగళవారం రేడియోలో చదివేవారు, గురువారం టీవీలో పాడించేవారు. కిందికి జారిన పాటకు పిలుపు ఉండదు. మొదటి ర్యాంకు పాట ఎప్పుడూ చివర్న. 1984లో ‘రిలాక్స్’ అనే పాట అసభ్యంగా ఉందని బీబీసీ నిషేధించింది. అంతే, జనం పనిగట్టుకుని కొని దాన్ని అయిదు వారాలు మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. ఆ అయిదు వారాలూ కార్యక్రమం చివర ఆ బృందం ఫొటో చూపించి, వేరే పాటతో సరిపెట్టారు. ఫస్టు ర్యాంకరు ఫొటో నోటీసు బోర్డు మీద పెట్టి, కుర్రాణ్ణి మాత్రం గేటు బయటే నిలబెట్టిన కాలేజీ యవ్వారం.

నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, 1982లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా చేరాను. డాక్టర్ల మెస్‌లో ఒకటే టీవీ. గురువారం రాత్రి అందరం దాని ముందే. వైర్ల సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. నిద్ర లేని జూనియర్ డాక్టరు గిటారుకు వైరుందా అని చూడడు, కుర్చీ ఖాళీగా ఉందా అని చూస్తాడు. ఆ ఏడాదే గాయకుడు బాయ్ జార్జ్ మొదటిసారి తెర మీదికి వచ్చాడు. మర్నాడు వార్డులో పేషెంట్లతో సహా అందరిదీ ఒకటే చర్చ, ఆడా మగా అని. నాటకాల్లో స్థానం నరసింహారావు గారి సత్యభామ వేషం గురించి మా తాతయ్య చెప్పిన కబుర్లు వింటూ పెరిగినవాణ్ణి నేను. ఆడా మగా అన్నది నాకు సమస్యే కాలేదు. స్థానం వారి నడకలో పదో వంతు కూడా లేదే అనిపించింది, అంతే.

సరే, వైరు. నా సణుగుడు భరించలేక మా ఆవిడ అడిగేసింది.

“నాగేశ్వర్రావు పియానో వాయించినప్పుడు అడిగారా ఇవన్నీ?”

అడగలేదు. అడగవలసింది. పియానో సంగతి ఇక్కడ తేల్చుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

తెలుగు సినిమాలో పియానో హాల్లో, మేడ మెట్ల కింద ఉంటుంది. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోరు. జమీందారు గారికి రాదు, ఆయన తల్లికి రాదు, కారు డ్రైవరుకూ రాదు. పుట్టినరోజు పార్టీకి వచ్చిన బీద హీరోకి మాత్రం వచ్చు. డిగ్రీ ఫస్టు క్లాసులో ప్యాసయ్యాడని, తల్లి కుట్టుమిషను మీద పెంచిందని మనకు తెలుసు. కుట్టుమిషను ఉన్న ఇంట్లో పియానో ఎక్కడ నేర్చాడని ఒక్క అతిథీ అడగడు. అందరూ చేతిలో రంగునీళ్ల గ్లాసులు పట్టుకుని గోడల వెంట నిలబడతారు. హీరో స్టూలు మీద కూర్చుని, నువ్వు నన్ను మోసం చేశావు సుమా అని హీరోయిన్‌నుద్దేశించి మొదలుపెడతాడు. అంత బాహాటంగా పాడుతున్నా అది ఎవర్ననో అర్థమయ్యేది హీరోయిన్‌కు, మనకూ మాత్రమే. పక్కనే నిలబడ్డ కాబోయే పెళ్లికొడుకు తల ఊపుతూ తాళం వేస్తుంటాడు.

ఇక ఆ చేతులు. అంత పొడుగు పియానోలో మధ్యనున్న రెండు జానల మేర తప్ప మిగతా మెట్లన్నీ హీరోకు అనవసరం. పాటలో వయొలిన్లు వస్తున్నా వేళ్లు ఆడుతూనే ఉంటాయి, ఫ్లూటు వస్తున్నా ఆడుతూనే ఉంటాయి. రెండో చరణానికి దుఃఖం ఎక్కువై హీరో లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడతాడు. పియానో మోగుతూనే ఉంటుంది. తిరిగొచ్చి కూర్చుంటాడు. అప్పుడూ మోగుతూనే ఉంటుంది. పాటయ్యాక కేకు కోసినట్టు చూపించరు. పియానో మూత ఎవరు వేశారో చూపించరు. తర్వాత సినిమా మొత్తంలో హీరో పియానో జోలికి పోడు. ఉద్యోగం లేక రిక్షా తొక్కుతాడు గాని, నాలుగిళ్లలో పియానో పాఠాలు చెబుదామని తోచదు. క్లైమాక్సు ముందు ఆ ఇల్లు వేలానికి వస్తే కుర్చీలు, మంచాలు, చివరికి పూజ గదిలో వెండి సామాను కూడా వీధిలోకి వస్తాయి. పియానో మాత్రం రాదు. అది ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇన్ని చూసి కూడా మనం కళ్లు తుడుచుకున్నాం. పెదవులు ఒకరివి, గొంతు ఒకరిదని చిన్నపిల్లలకూ తెలుసు. బాలసుబ్రహ్మణ్యం గారు ఏ నటుడికి పాడితే ఆ నటుడి గొంతు తెచ్చుకుంటే మురిసిపోయాం. మోసమని ఎవరూ అనలేదు. ఎందుకంటారా, టైటిల్స్‌లో పేరు వేశారుగా.

ఇక్కడివాళ్లది అలాక్కాదు, దొంగచాటు వ్యవహారం. సంగీతకారుల సంఘం ఒక నియమం పెట్టించింది. దుకాణంలో అమ్మే రికార్డు వేసి పెదవులాడించకూడదు, ఈ కార్యక్రమం కోసం సంగీతం మళ్లీ కొత్తగా రికార్డు చెయ్యాలి, అదీ సంఘం మనిషి సమక్షంలో. వారాలు పట్టిన పాటను ఒక్క పూటలో మళ్లీ ఎవడు చేస్తాడు? సంఘం మనిషిని ఎవరో ఒకరు పబ్బుకు తీసుకెళ్లేవారు. ఆయన తిరిగొచ్చేసరికి టేపు మారిపోయేది. అప్పుడు వాయించినవాళ్లే తర్వాత నవ్వుతూ చెప్పుకున్న ముచ్చట ఇది. ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఆసుపత్రి తనిఖీకి వచ్చినవాళ్లకు భోజనాలు ఎంత శ్రద్ధగా పెడతారో చూసినవాణ్ణి, ఆయన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు.

ఈ బండారమంతా ఒకసారి లైవ్‌లో బయటపడింది. 1988 ఆగస్టులో ‘ఆల్ అబౌట్ ఈవ్’ అనే బృందం వచ్చింది. గాయని స్టూలు మీద కూర్చుంది. దేశమంతా పాట వినపడుతోంది, స్టూడియోలో వాళ్లకు మాత్రం వినపడటం లేదు. పాట ఇంకా మొదలవలేదనుకుని ఆవిడ పెదవులు కదపకుండా బుద్ధిగా కూర్చుంది. పక్కనే గిటారిస్టు, అతనూ అంతే బుద్ధిగా. పాట తన దారిన తాను సాగిపోతోంది. తర్వాతి వారం పిలిచి మళ్లీ పాడించారు, పాట పైకెగబాకి మొదటి పదిలో చేరింది. నా ఉద్దేశంలో ఆ కార్యక్రమం చరిత్రలో అంతకు మించిన నిజాయితీపరులు లేరు.

1984లో ‘ది స్మిత్స్’ గాయకుడు మొరిస్సీ చెవికి వినికిడి యంత్రం పెట్టుకుని వచ్చి పాడాడు. పాతికేళ్ల కుర్రాడు, చెవులు నిక్షేపంగా ఉన్నాయి. కుర్రకారు వెర్రెత్తిపోయారు. ఇప్పుడు నేను రెండు చెవులకూ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ వారిచ్చిన యంత్రాలు పెట్టుకుని ఆ పాటే చూశాను. ఎవరూ వెర్రెత్తలేదు. సౌండు తగ్గించమన్నారు.

వైర్లు దొరకనప్పుడు జనాన్ని చూస్తాను. స్టూడియో ఇరుకు. కెమెరా కదిలినప్పుడల్లా ఎవరో వచ్చి ఆ పిల్లల్ని పక్కకు తోసేవారు. చేతికి బెలూన్లిచ్చి ఊగమనేవారు. వాళ్లు పాడేవాణ్ణి చూడరు. తాము తెర మీద ఎలా పడుతున్నామో మెడ తిప్పి మానిటరులో చూసుకుంటారు. ఫోన్లు వచ్చాక పిల్లలు పాడైపోయారని నాతో వాదించేవాళ్లు ఒక్క ఎపిసోడ్ చూస్తే చాలు. తర్వాత నేను ఫ్యామిలీ డాక్టరుగా ఉన్నన్నాళ్లూ మెడ నొప్పి, భుజం నొప్పి అంటూ నా దగ్గరికి వచ్చింది ఈ ఈడువాళ్లే. కారణం ఏమై ఉంటుందా అని అప్పట్లో తెగ రాశాను.

ఈ వేటలో ఇంకొకటి కనిపెట్టాను. వారాలు కలవడం లేదు. ఒక పాట ఈ ఎపిసోడ్‌లో ఇరవైలో ఉంటుంది, వచ్చే ఎపిసోడ్‌లో మూడులో. మధ్య వారం ఏదీ? ఏటా 170 పౌండ్లకు పైగా టీవీ లైసెన్సు కడుతున్నాను. 75 దాటితే ఉచితమన్నారు. తీరా ఆ వయసు కనుచూపు మేరలోకి వచ్చేసరికి 2020లో అదీ తీసేసి, బీద పెన్షనర్లకే ఉంచారు. డబ్బూ తీసుకుని వారాలూ మింగుతారా అని నేను గొంతు పెంచుతుంటే మా అమ్మాయి అంది, “నాన్నా, అవి జిమ్మీ సావిల్‌వి. వెయ్యరు.”

రిమోటు పక్కన పెట్టాను.

1964 జనవరి 1న ఈ కార్యక్రమం మొదటి ఎపిసోడ్ సమర్పించింది ఆయనే. 2006 జులై 30న చివరి ఎపిసోడ్ అయ్యాక స్టూడియో లైట్లు ఆర్పిందీ ఆయనే. ఈ మధ్య కాలంలో లీడ్స్ ఆసుపత్రిలో స్వచ్ఛందంగా స్ట్రెచర్లు తోశాడు, స్టోక్ మాండవిల్ ఆసుపత్రికి లక్షల పౌండ్లు పోగుచేశాడు, వార్డుల్లో ఇష్టం వచ్చినట్టు తిరిగాడు. 2011లో పోయాడు. పిల్లల మీద, పేషెంట్ల మీద ఆయన చేసిన అఘాయిత్యాలు ఆ మరుసటి ఏడు బయటపడ్డాయి. 2014లో ఎన్‌హెచ్‌ఎస్ విచారణ నివేదికలు వచ్చాయి. లీడ్స్ బాధితుల్లో అయిదేళ్ల పసివాళ్లున్నారు. స్టోక్ మాండవిల్‌లో ఆయన వచ్చినప్పుడు మంచంలో నిద్ర నటించడం మేలని నర్సులు పిల్లలకు చెప్పేవారని ఒకప్పటి పేషెంటు ఒకావిడ గుర్తుచేసుకుంది.

నేను ఆ ఆసుపత్రుల్లో పనిచెయ్యలేదు. చేసి ఉంటే? కొత్తగా దిగిన విదేశీ డాక్టర్ని, టీవీలో కనిపించే పెద్దమనిషి మా వార్డులోకి వచ్చాడంటే లేచి నిలబడేవాణ్ణి. చెయ్యి కలిపేవాణ్ణి. ఫొటో తీయించుకుని గుంటూరుకు పంపించేవాణ్ణి. వైర్లు వెతికే ఈ కళ్లకు అప్పుడైనా ఏం కనపడేదో చెప్పలేను.

ఆ వారాలు వెయ్యకపోవడమే మంచిది. ఫిర్యాదు ఉపసంహరించుకున్నాను.

బీబీసీ దగ్గర అసలు లేని వారాలు ఇంతకంటే ఎక్కువ. అరవైల నాటివి, డెబ్భైల మొదటి నాటివి చాలా మటుకు చెరిపేసి, ఆ టేపుల మీదే ఇంకేవో రికార్డు చేసుకున్నారు. టేపు ఖరీదైన రోజులు మరి. ఇదంతా విని మా ఆవిడ అడిగింది, “మరి మా చిత్రలహరి ఏదీ?” తను మలక్‌పేటలో దాన్ని చూస్తూ పెరిగి, ఎనభైల చివర్లో నన్ను కట్టుకుని ఈ చలిలోకి వచ్చింది. యూట్యూబులో ఆ పేరుతో కనిపించేవన్నీ పాటలేగాని చిత్రలహరి కాదంటుంది. అనౌన్సరు లేదు, ప్రకటనలు లేవు, రెండో చరణంలో కోత లేదు. నిండు పాట చూస్తే అదేదో పరాయి కార్యక్రమం చూసినట్టుందట.

అందుకని ఒక మనవి. హైదరాబాదులోనో తెనాలిలోనో మీ అటక మీద ఆ రోజుల నాటి పెళ్లి క్యాసెట్ ఉంటే, అప్పగింతలు కాగానే ఆపెయ్యకండి. చివరిదాకా తిప్పండి. మిగిలిన టేపు వృథా కాకూడదని ఎవరో ఒక బాబాయి అందులో ఓ శుక్రవారం సాయంత్రాన్ని పట్టి ఉంటాడు. దొరికితే కబురు చెయ్యండి. పోస్టు ఖర్చులు నావి.